బటన్ ఉంది... టైరే లేదు!

2025 మే నెల మొదటి శనివారం. బెంగళూరు బస్సు నెల్లూరులో దింపితే, అక్కణ్నుంచి ఆటోలో వెంకటాచలం వచ్చేసరికి పొద్దున ఏడైంది. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. గేటు తీస్తుంటే మా ఎస్‌యూవీ ఎందుకో తేడాగా కనిపించింది. మూడు చక్రాలకు మెరిసే అల్లాయ్ వీల్స్, వెనక ఎడమవైపు చక్రానికి మాత్రం నల్లటి ఇనప డిస్క్. అంటే స్టెప్నీ వేసి ఉంది.

"నాన్నా, పంచరా?" అన్నాను.

"ఆఁ... మేకు దిగబడిందిలే. నువ్వు ముందు మొహం కడుక్కో పో" అని లోపలికి వెళ్లిపోయాడు.

మా నాన్న ఇరవై రెండేళ్లు లారీ తోలినవాడు. పంచర్ అయితే ఆ పూటే వేయించేస్తాడు, స్టెప్నీతో తిరగడు. అనుమానం వచ్చి డిక్కీ తెరిచాను. లోపల గోనెపట్టా కప్పి ఉంది. తీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. టైరు మీద బటన్ నిక్షేపంగా ఉంది. గాట్లలో వేలు పెడితే దిగుతోంది. కానీ పక్కగోడ మాత్రం సగం చుట్టూ చీలిపోయి, లోపలి దారాలు కొబ్బరిపీచులా బయటికి వేలాడుతున్నాయి.

బటనంతా ఉంది. టైరే లేదు.

టీ గ్లాసు చేతికిచ్చి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. గురువారం మధ్యాహ్నం గూడూరు నుంచి వస్తున్నాడట. మనుబోలు దాటాక 'డబ్' మని శబ్దం. బండి ఎడమకి లాగేసింది. "బ్రేకు తొక్కలేదురా. తొక్కింటే తిరగబడేది. స్టీరింగు గట్టిగా పట్టుకోని, యాక్సిలేటర్ మింద కాలు తీసేసినా. దానంతటదే నిదానించినాక పక్కకి తీసినా. డెబ్బైలో ఉండా కాబట్టి సరిపోయింది. మీ అమ్మకి చెప్పబాకు."

అమ్మకి చెప్పొద్దనడం అర్థమైంది. నాకెందుకు చెప్పలేదో అర్థం కావడానికి ఇంకో గంట పట్టింది.

ఆకుపచ్చ గడి

రెండేళ్ల కిందట నాన్న ఫోన్ చేసి, "టైర్లు మార్చమంటావా అబ్బాయ్? బండి కొని ఐదేళ్లు దాటింది గదా" అని అడిగాడు. నేను ఆఫీసులో ఉన్నాను. ఇంట్లో అన్నింటికీ ఎక్సెల్ షీట్ పెట్టడం నా అలవాటు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, ఆర్వో ఫిల్టర్... అన్నీ అందులోనే. కారు టైర్ల ఎదురుగా '50,000 కిలోమీటర్లు' అని రాసి ఉంది. దగ్గరపడితే గడి ఎర్రగా మారుతుంది. ఆ రోజు మీటర్ 32 వేలు.

"ఇంకా 18 వేలు ఉంది నాన్నా, ఆగు. డబ్బులు దండగ" అన్నాను. ఇంజినీరు కొడుకు చెప్పాడు కదా, ఆయన ఆగిపోయాడు.

టైరు పగిలిన రోజు మీటర్ 38 వేలు. డాబా మీద కూర్చుని ఫోన్‌లో షీట్ తెరిచాను. ఆ గడి ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

నాన్న నాకు చెప్పకపోవడానికి కారణం ఇదే. నా లెక్క తప్పిందని నాకు తెలియకూడదని.

ఇంకో సంగతి ఉంది. పది రోజుల్లో చెన్నై వెళ్లాలి. అక్కకి సీమంతం చేసి, పురిటికి ఇంటికి తీసుకురావాలి. చిన్నప్పట్నుంచీ అక్కది ఒకటే సీటు. వెనక, ఎడమవైపు కిటికీ పక్కన. సరిగ్గా ఆ టైరు పైన.

ఆ నాలుగు అంకెలు

మీరు ఇది ఫోన్‌లో చదువుతున్నారు కదా, అదే ఫోన్ పట్టుకుని ఒకసారి మీ బండి దగ్గరికి వెళ్లండి. టైరు పక్కగోడ మీద 'డీఓటీ' అనే ఇంగ్లిష్ అక్షరాలతో ఒక వరస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. కొన్నిసార్లు ఆ అంకెలు టైరుకి లోపలివైపు ఉంటాయి, కిందికి వంగి టార్చ్ వేయాల్సిందే.

మా చిరిగిన టైరు మీద 1418 అని ఉంది. అంటే 2018లో 14వ వారం, ఏప్రిల్ మొదట్లో తయారైంది. ఏడేళ్లు దాటింది. మిగతా మూడూ, స్టెప్నీ కూడా అదే వయసు. పక్కగోడలు దగ్గరగా చూస్తే వేసవిలో చెరువు మట్టి నెర్రెలిచ్చినట్టు సన్నటి పగుళ్లు.

టైరుకి రెండు చావులున్నాయి. ఒకటి అరిగి చావడం, రెండోది ముసలితనంతో చావడం. ఏది ముందొస్తే అదే. మా నాన్న లారీ నెలకు ఏడెనిమిది వేల కిలోమీటర్లు తిరిగేది. అక్కడ టైరుకి ముసలితనం చూసే యోగమే లేదు. బటన్ అరిగితే రీబటన్ వేయించి మళ్లీ తిప్పేవాళ్లు. అందుకే నాన్న కన్ను ఎప్పుడూ బటన్ మీదే ఉంటుంది. నా కన్ను మీటర్ మీద ఉంది. ఇద్దరం అరుగుదలే లెక్కపెట్టాం. పుట్టినరోజు ఇద్దరం చూడలేదు. మా కారు ఏడాదికి ఐదారు వేలు కూడా తిరగదు. మిగతా రోజులన్నీ నెల్లూరు ఎండలో నిలబడే ఉంటుంది.

నాలుగేళ్లు డ్రాయర్‌లో పెట్టిన ఫోన్ బయటికి తీస్తే ఏమవుతుంది? గీత కూడా పడి ఉండదు. బ్యాటరీ మాత్రం పోయి ఉంటుంది. టైరూ అంతే. రబ్బరుని గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ మెల్లగా తినేస్తుంటాయి. వేడి ఎక్కువైతే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. రబ్బరు గట్టిపడి సాగే గుణం కోల్పోతుంది. దీన్ని ఆపడానికి కంపెనీలు రబ్బరులో మైనం లాంటివి, ఓజోన్‌ని అడ్డుకునే రసాయనాలు కలుపుతాయి. టైరు తిరుగుతూ నలుగుతుంటే అవి పైకి ఊరి పొరలా కాపాడతాయి. కదలకుండా పడున్న టైరులో ఆ ఊట తక్కువ. అంటే 'బండి తిప్పలేదు కదా, టైర్లు కొత్తవే' అనుకోవడం ఒక రకంగా తిరగేసిన లెక్క.

చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకి టైర్లు మార్చమంటాయి. పేరున్న టైర్ల కంపెనీలు ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించమని, చూడ్డానికి ఎంత బాగున్నా పదేళ్లు దాటితే తీసేయమని చెబుతాయి. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. మా ఊరి ఎండకి నేను ఆరే ఖాయం చేసుకున్నాను.

'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' పాల్ వాకర్ గుర్తున్నాడు కదా? 2013 నవంబర్‌లో ఆయన కూర్చున్న పోర్షె కారు ప్రమాదానికి అసలు కారణం విపరీతమైన వేగమే అని దర్యాప్తు తేల్చింది. అయితే ఆ నివేదికలోనే ఇంకో మాట కూడా ఉంది. ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లు, దానివల్ల బండి అదుపు మీద ప్రభావం పడి ఉండొచ్చు అని. అంత ఖరీదైన కారుకి కూడా ఆ నాలుగు అంకెలు ఎవరూ చూడలేదు!

షాపులో పాఠాలు

సోమవారం నెల్లూరు వెళ్లాం. మొదటి షాపులో ఒక్కో టైరు మీద పదిహేను వందలు తగ్గిస్తామన్నారు. నాన్న మొహం వెలిగింది. నేను వంగి అంకెలు చూశాను. 4022. అంటే 2022 అక్టోబర్ సరుకు. గోడౌన్‌లోనే రెండున్నరేళ్లు గడిపేసింది. నీడలో, చల్లగా ఉంచిన టైరు ఎండలో తిరిగినంత పాడవదు, నిజమే. కానీ ఆరేళ్ల లెక్క పెట్టుకున్న మాకు అందులో రెండున్నర ముందే పోయినట్టు. "పాల ప్యాకెట్ మింద తేదీ చూస్తాం గానీ, దీనికి చూడం గదరా" అన్నాడు నాన్న. వచ్చేశాం. రెండో షాపులో 1225 దొరికింది. అంటే అదే ఏడాది మార్చి. రెండు నెలల పసిది.

సైజు విషయానికొస్తే, మాది 235/65 ఆర్17. టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 'ఆర్' అంటే రేడియల్. 17 అంటే డిస్క్ వ్యాసం అంగుళాల్లో. ఆ పక్కన 104 హెచ్ అని ఉంది. 104 అంటే ఒక్కో టైరు 900 కిలోల దాకా మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. మనం అంత వేగం వెళ్లకపోయినా, ఈ రెండూ కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. ఏడుగురు ఎక్కి, పైన లగేజీ కట్టే బండికి బరువు అంకె ముఖ్యం.

నాకు ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాలని ఉండేది. పెద్ద పెద్ద బటన్లు, పక్కన తెల్ల అక్షరాలు, రీల్స్‌లో చూస్తే బండి అడవిలోంచి వచ్చినట్టుంటుంది. నాన్న ఒకే ప్రశ్న అడిగాడు. "మన ఇల్లు హైవే పక్కన. ఏడాదికి ఎన్ని రోజులు మట్టిలో తోల్తావ్?"

లెక్కేశాను. కసుమూరు దర్గాకి వెళ్లినా తారు రోడ్డే. కృష్ణపట్నం వైపు వెళ్లినా తారు రోడ్డే. చేను దగ్గరికి బైకు మీద వెళ్తాం. ఆల్ టెర్రైన్ టైర్లు బురదలో, రాళ్లలో బాగుంటాయి. హైవే మీద మాత్రం రొద ఎక్కువ, డీజిల్ కాస్త ఎక్కువ తాగుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు పట్టు సాధారణంగా తక్కువ. హైవే టెర్రైన్ టైర్లే తీసుకున్నాం. రీల్స్ పోయాయి, నిద్ర దక్కింది. అక్క కారెక్కగానే పడుకునే రకం.

తడి రోడ్డు మాట ఊరికే అనలేదు. మా జిల్లాలో వాన ఏడాదంతా పడదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో వాయుగుండాలతో ఒక్కసారే కుమ్మేస్తుంది. 2021 నవంబర్‌లో అయితే పెన్నా వరదకి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవేనే తెగిపోయింది. టైరు గాట్ల పని నీళ్లని పక్కకి చిమ్మడం. కొత్త టైరుకి గాటు లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. 1.6కి వస్తే మార్చాల్సిందేనని మన మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. గాట్ల మధ్యలో చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి చూడండి, బటన్ అరిగి వాటితో సమానమైతే ఆ హద్దు వచ్చినట్టే. కానీ వానలో 3 మిల్లీమీటర్ల కిందికి వచ్చినప్పటి నుంచే పట్టు బాగా తగ్గుతుంది.

ఇంకో చర్చ. డబ్బులు సరిపోక రెండే మార్చాల్సి వస్తే కొత్తవి ఎటు? నాన్న ఠక్కున "ముందరికి" అన్నాడు. లారీల్లో అంతే, ముందు టైరు పగిలితే స్టీరింగ్ పోతుంది, రీబటన్ టైర్లు వెనక్కే వేస్తారు. కార్లకి మాత్రం టైర్ల కంపెనీలు వెనక్కే వేయమంటాయి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి సరిచేసుకోవచ్చు, వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది. నాన్న కాసేపు ఆలోచించి, "అట్లయితే ఈ గోలెందుకు, ఐదూ ఏసెయ్" అన్నాడు. స్టెప్నీతో కలిపి బిల్లు 55 వేలు. షాపువాళ్లు నైట్రోజన్ కొట్టమంటారా అన్నారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కదా, మామూలు గాలి చాలన్నాం.

గాలి మీద గొడవ

"ఎండాకాలం గదా, రెండు పాయింట్లు తక్కువ కొట్టు" అన్నాడు నాన్న షాపు కుర్రాడితో. ఈ మాట మన వైపు చాలామంది అంటారు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు.

గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా నలుగుతుంది. నలిగే కొద్దీ వేడి. ఆ వేడే టైరుని లోపల్నుంచి విడగొడుతుంది. అమెరికాలో 2000 సంవత్సరంలో ఇదే పెద్ద గొడవైంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలకి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల బటన్ పొర హైవే మీద ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. రెండొందల మందికి పైగా చనిపోయారు. ఆ ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. టైర్లలో లోపంతోపాటు చర్చకొచ్చిన ఇంకో విషయం గాలి. ఫోర్డ్ ఆ బండికి సిఫార్సు చేసింది 26 పీఎస్ఐ మాత్రమే. ప్రమాదాలు ఎక్కువగా జరిగింది ఎండలు మండే దక్షిణాది రాష్ట్రాల్లో. టైరులో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద వెలిగే లైటు ఉంది కదా, అమెరికా కార్లలో అది తప్పనిసరి అయింది ఈ దుర్ఘటన తర్వాత వచ్చిన చట్టం వల్లే.

మన లెక్క చూద్దాం. పొద్దున 28 డిగ్రీల్లో 33 పీఎస్ఐ కొట్టిస్తే, హైవే మీద టైరులో గాలి 60 డిగ్రీలకి చేరాక అది 38 దాకా పెరుగుతుంది. కంపెనీవాళ్లు ఇది తెలిసే డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ అంటిస్తారు. చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె, అంతే. వేడి మీద చూసి 'ఎక్కువైంది' అని గాలి తీసేస్తే చల్లబడ్డాక తక్కువైపోతుంది.

నాన్న విన్నాడు. ఏమీ అనలేదు. కానీ ఆయన వంతు కూడా వచ్చింది.

పదో రోజు చెన్నై బయల్దేరాం. నాయుడుపేట దాటాక టీ కోసం ఆపితే, నాన్న దిగి నాలుగు టైర్ల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. "ముందు కుడిది ఎక్కువ కాల్తా ఉండాది" అన్నాడు. నేను నవ్వి, కొత్తగా కొన్న గేజ్ పెట్టి చూశాను. మిగతా వాటికంటే నాలుగు పాయింట్లు తక్కువ! వాల్వ్ లోపలి పిన్ను సరిగా బిగించలేదు. సన్నగా గాలి పోతోంది. అక్కడే బిగించి, గాలి కొట్టించుకుని కదిలాం. లారీ రోజుల్లో ఆగిన ప్రతిచోటా చేసే పని అది. ఏ షీట్‌లోనూ లేని గడి.

అక్కని తీసుకుని సాయంత్రం తిరిగొస్తుంటే తడ దగ్గర శ్రీసిటీ బోర్డు కనిపించింది. ఆ చుట్టుపక్కల చిన్నపాండూరులోనే అపోలో ఫ్యాక్టరీ. చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు వైపు ఇంకొన్ని. ఎమ్మారెఫ్ మొదలైంది కూడా చెన్నై తిరువొత్తియూరులోనే, 1946లో, బొమ్మ బెలూన్లు చేసే షెడ్డుగా. టైర్ల ఫ్యాక్టరీల మధ్యే పెరిగాం. టైరు గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు. వెనక సీట్లో అక్క నోరు తెరిచి నిద్రపోతోంది. ఎడమవైపు కిటికీ పక్కనే.

ఇంతకీ ఎన్నాళ్లు వస్తాయి?

ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఇదే. మాలాంటి బండికి హైవే టైర్లు 40 నుంచి 60 వేల కిలోమీటర్లు రావచ్చు. అది మీ చేతిలోనే ఉంది. నెలకు రెండుసార్లు చల్లటి పూట గాలి చూడండి. ఎనిమిది, పది వేలకోసారి టైర్లు ముందువి వెనక్కి మార్పించండి. బటన్ మధ్యలో అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ అరిగితే తక్కువైనట్టు, ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్టు. వీలైతే నీడలో పెట్టండి. పక్కగోడ మీద బుడిపె కనిపిస్తే మాత్రం కిలోమీటర్లూ వద్దు, ఏళ్లూ వద్దు. వెంటనే మార్చేయండి.

నా షీట్‌లో ఇప్పుడు రెండు గడులున్నాయి. ఒకటి కిలోమీటర్లు, రెండోది పుట్టిన తేదీ. ఏది ముందు ఎర్రబడితే అది.

సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. నాన్న కాగితం మీద లెక్కేసి, "నాలుగు నెల్లు ఆగింటే నాలుగు వేల మూడొందలు మిగిలేది గదరా, ఇంజినీరూ" అన్నాడు. ఈసారి నేను ఏమీ అనలేదు. అప్పటికి ఆయన ఒళ్లో నెల రోజుల మనవరాలు ఉంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పిల్లని ఎత్తుకుని కారు దగ్గర నిలబడి ఉన్నాడు. టైరు మీది అంకెలు వేలితో చూపిస్తూ దానికి చెబుతున్నాడు. "ఇదుగో, ఒకటి రెండు రెండు ఐదు. ఈ టైరు నీకంటే ఐదు నెల్లు పెద్దది. నిన్ను ఒకటో తరగతిలో ఏసే ఏడు దీన్ని మార్చేయాల. మీ మామ మరిచిపోతే నువ్వు చెప్పు."

మరిచిపోను. అయినా ఈసారి గడి చూసి ఊరుకోను, వంగి టైరు కూడా చూస్తాను.